పోటు మీద ఈనిన ఒంటె

మిస్రీ జత్ ఉప్పుటేరులో మునిగి చనిపోయిన ఏడాది, మందను అమ్మేయమని అతని పెళ్లాం హవాబాయికి చెప్పని మనిషి లేడు. అందరికంటే గట్టిగా చెప్పినవాడు ఆమె మరిది జూసబ్. మిగతావాళ్లు ఒకసారి చెప్పి ఊరుకున్నారు. జూసబ్‌కు మాత్రం ఆమె కనబడితే చాలు, అదే మాట.

"అవి ఖరాయీ ఒంటెలు భాభీ. ఇంటి ముందు కట్టేసి ఇంత గడ్డి పడేస్తే బతికేవి కావు. వాటికి మడాకు కావాలి. మడచెట్లేమో ఏటి నడిమి దిబ్బల మీదున్నాయి. ఈదించుకుంటూ తోలుకెళ్లేదెవరు? నువ్వా?"

"నేనే."

"ముక్కున ఆ నత్తు చూసుకున్నావా? దాని బరువుకే మునిగిపోతావ్."

మర్నాడు హవాబాయి నత్తు తీసి అత్తగారి చేతిలో పెట్టి, మిస్రీ పాత కుర్తా పైజామా తొడుక్కుని ఏట్లో దిగింది. ముందు నడిచే ముసలి ఆడ ఒంటె మోరీ. దాని మూపురం పట్టుకుని తేలుతూ అవతలి దిబ్బకు చేరింది. ఒడ్డున ముసలివాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. వెనక వచ్చే ఒంటెల్ని అదిలించడానికి ఒక మనిషి కావాలి గనక, తిట్టుకుంటూనే జూసబ్ కూడా నీళ్లలోకి దిగాడు.

అతనికి నీళ్లంటే భయం. అది మొదటినుంచీ ఉన్నది కాదు. అన్న పోయిన రోజు, తిరుగుదారిలో ఒక ఒంటె బురదలో దిగబడిపోతే మిస్రీ దానికోసం వెనక్కి వెళ్లాడు. ఈలోగా పోటు తన్నుకొచ్చేసింది. అప్పుడు మిగతా మందతో ఒడ్డున నిలబడి ఉన్నది జూసబ్. కళ్లారా చూస్తూ నిలబడ్డాడని కొందరు, చూసి మాత్రం ఏం చేయగలడని కొందరు అన్నారు. హవాబాయి ఆ సంగతి అతన్ని అడగలేదు. అతనూ ఎత్తలేదు. ఇద్దరూ ఒక మందను కాస్తూ, ఒక పొయ్యి మీది రొట్టె తింటూ, ఆ ఒక్క మాట చుట్టూ తిరిగి నడిచేవాళ్లు.

భూకంపం వచ్చిపోయాక రెండో చలికాలంలో హేమంతీ బిష్త్ వచ్చింది. కుమావూన్ కొండల మనిషి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుంది. హరూడీ ఊరి పక్కనున్న పసుపుపచ్చ గుట్టల్లో గుడారం వేసుకుని, పాతకాలపు ఎముకల కోసం రోజంతా వంగి చీపురుతో, సూదులతో మట్టి గీకేది. ఆ గుడారానికి ఒంటె పాలు పోసేది హవాబాయే. హేమంతీని బెన్ అని, అక్కా అన్నట్టు పిలిచేది. మొదట్లో పాలు పోసి వెళ్లిపోయేది. తర్వాత కాసేపు కూర్చోవడం, ఆ తర్వాత పోట్లాడటం మొదలయ్యాయి.

పోట్లాట ఒక చీలమండ ఎముక గురించి. గుట్టలోంచి తీసిన ఎముక, ముదురు గోధుమరంగుది, రాయంత బరువు. హేమంతీ దాన్ని అరచేతిలో పెట్టుకుని, రెండో చేతిలో ముందురోజు కూరలోని మేక చీలమండ పట్టుకుంది.

"రెండింటికీ పైనా కిందా గాడి చూశావా హవాబాయి? తాడు లాగే గిలక మీద ఉంటుందే, అలాంటి గాడి. మేకకుంటుంది, జింకకుంటుంది, నీ ఒంటెకుంటుంది. చీలిన గిట్టల జంతువులకు తప్ప ఇంకెవరికీ ఇలా రెండు వైపులా ఉండదు."

"అయితే అది మేక. దీనికోసం ఎండలో ఇంత మాడాలా?"

"మేక కాదు. తిమింగలం."

హవాబాయి పాలచెంబు కింద పెట్టి, ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. "ఎండ దెబ్బ తగిలింది బెన్. వచ్చి నీడలో కూర్చో."

హేమంతీ నవ్వలేదు. నాలుగు కోట్ల ఏళ్ల కిందట ఈ గుట్టలన్నీ లోతులేని సముద్రం అడుగున ఉన్నాయనీ, ఆ నీళ్లలో పొడుగు మూతి, పొట్టి కాళ్లు ఉన్న జంతువులు తిరిగేవనీ చెప్పింది. అంతకు ముందు, ఉత్తరాన కొండల వైపు, పిల్లికంటే కాస్త పెద్దదైన గిట్టల జంతువు ఒకటి వాగుల్లో బతికేదట. అపాయం వస్తే నీళ్లలో దాక్కునేదట. దాని చుట్టాలే తరాలు గడిచేకొద్దీ లోతుకు పోయాయి. కాళ్లు తగ్గాయి, తోక పెరిగింది.

"మా గురువుగారి కాలంలో, గిట్టలున్న తోడేలు లాంటి మృగం ఒకటి తిమింగలానికి తాత అనుకునేవాళ్లు. పళ్లు అలా ఉండేవి మరి. చీలమండ దొరికాక ఆ మాట పోయింది. మొన్నమొన్నటి సంగతి ఇది."

"గిట్టలున్నది నీళ్లలోకెళ్లి తిమింగలమైందని!" హవాబాయి తోడొచ్చిన జూసబ్ వైపు తిరిగింది. "విన్నావా? మన మోరీ ఇంకొన్నాళ్లు ఈదితే తోక మొలుస్తుందట."

"మొలిస్తే మంచిదే. నేను ఇంటి దగ్గరుంటా," అన్నాడు జూసబ్.

ఈదే ఒంటెలు ఉన్నాయన్న సంగతి హేమంతీ నమ్మింది గాని, కళ్లతో చూడలేదు. మూడో చలికాలం ఆమెకు అదే పట్టుకుంది. బరువైన గిట్టల జంతువు నీళ్లలో కాళ్లెలా ఆడిస్తుందో కెమెరాతో తీసుకోవాలి. తోక ఇంకా సాగని రోజుల్లో ఆ పాత జంతువులు కాళ్లతోనే తెడ్డేసి ఉంటాయని ఆమె అనుమానం.

"ఈతొచ్చా నీకు?" అని అడిగింది హవాబాయి.

"రాదు."

"తిమింగలాల పంతులమ్మకు ఈత రాదు!" హవాబాయి ఆ మాట ఊరంతా చెప్పింది. చెప్పి, సరే రమ్మంది.

అమావాస్య నాటి పొద్దున జాలరి ఓస్మాన్ వాళ్లిద్దర్నీ తన పడవలో దిబ్బ మీద దింపి, సాయంత్రం వస్తానని చేపలకు వెళ్లిపోయాడు. జూసబ్ ముందురోజే మందతో వచ్చి ఉన్నాడు. మోకాలెత్తు బురదలో ఒంటెలు మెడలు చాచి మడాకు కొరుకుతున్నాయి. మందలో ఢేల్ అనే ఒంటె నిండు చూలుతో ఉంది. దాన్ని ఒడ్డునే వదలమని హవాబాయి చెప్పింది గాని, మంద కదలగానే అది తాడు తెంపుకుని వచ్చేసిందట.

"ఇంకా పది పదిహేను రోజులుంది దానికి," అన్నాడు జూసబ్.

హవాబాయి దాని పొదుగు నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది.

పొద్దెక్కేసరికి చిన్న పాయ ఒకటి ఒంటెలతో దాటించారు. హేమంతీ బురదలో మోకాళ్ల మీద కూర్చుని కెమెరాలో చూస్తూ, చిన్నపిల్లలా అరిచింది. నీళ్లపైన మెడలు, మూపురాలు మాత్రమే. ముక్కురంధ్రాలు గట్టిగా మూసి, పక్కకు ఒరిగి, ఏ తొందరా లేకుండా సాగిపోతున్నాయి. "ఇంకోసారి, హవాబాయి! ఇంకొక్కసారి!"

ఆ ఇంకోసారి జరగలేదు. గాలి పడిపోయింది. చలికాలపు ఉత్తరపు గాలి ఎప్పుడూ చెవుల్లో రొదపెడుతూ ఉండేది ఒక్కసారి ఆగేసరికి, ముగ్గురూ తలెత్తారు. నైరుతి మూల ఆకాశం సీసం రంగుకు తిరిగింది. మోరీ మేయడం మానేసి, మెడ నిటారుగా పెట్టి అటే చూస్తోంది. ఒక్కొక్కటే మిగతావి దాని పక్కకు జరిగాయి. ఢేల్ మాత్రం జరగలేదు. అది మందకు దూరంగా వెళ్లి, కూలబడి, లేచి, మళ్లీ కూలబడింది.

"యా అల్లా," అన్నాడు జూసబ్. "ఇప్పుడా!"

తర్వాత గాలి అటువైపు నుంచి వచ్చింది, గోడ కూలినట్టు. అమావాస్య పోటుకు నైరుతి గాలి తోడైతే దిబ్బ మీద ఏం మిగలదో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

"మందను తియ్యి," అంది హవాబాయి. "మోరీని పట్టుకుని నువ్వు ముందు. బెన్‌ని లాలీ ఒంటె మీద కట్టెయ్. కళ్లు మూసుకోమను."

"నువ్వు?"

"నేను దీని దగ్గరుంటా."

"పిచ్చా నీకు? ఒక్క ఒంటె! పోతే పోయింది, వదిలెయ్!"

"అరవకు. అది బెదురుతుంది."

"భాభీ, ఇలాగే..." జూసబ్ ఏటి వైపు చెయ్యి చూపించాడు. "అన్న కూడా ఒక్క ఒంటె కోసమే..."

"పోటు నీకోసం ఆగదు జూసబ్. తియ్యి మందను."

అతను హేమంతీని లాలీ మీద కూర్చోబెట్టి తాడు చుట్టబోయాడు. హేమంతీ ముఖం సున్నంలా ఉంది. ఆమె చూపు మాత్రం ఢేల్ వెనక చేరి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడుముతున్న హవాబాయి మీదే ఉంది.

"ఒక కాలు మడతపడింది," అంది హవాబాయి, ఎవరితోనో కాదు, తనలో తాను.

హేమంతీ తాడు తోసేసి కిందికి జారింది. "మెడ ఎవరు పట్టుకుంటారు? ఒక్కదానివే ఎలా చేస్తావ్?"

"వెళ్లు బెన్! నీకు ఈత రాదు."

"ఆ నీళ్ల మధ్యకెళ్తే ఎలాగూ రాదు. ఇక్కడ నేలన్నా ఉంది."

వాదించే వేళ కాదు. జూసబ్ ఇద్దరి వంకా చూశాడు. తలపాగా బిగించుకుని మోరీని నీళ్లవైపు మళ్లించాడు. కాసేపటికి అలల మధ్య మెడలు మాత్రం కనబడ్డాయి. ఆ తర్వాత వాన అడ్డొచ్చి అవీ కనబడలేదు.

దిబ్బలో ఎత్తైన చోటుకు ఢేల్‌ను లాక్కొచ్చారు. ఎత్తంటే మనిషి నడుమంత, అంతే. హేమంతీ దాని మెడ మీద పడుకుని రెండు చేతులా అదిమిపట్టింది. హవాబాయి లోపలి కాలిని గిట్ట దగ్గర దొరకబుచ్చుకుని, వెనక్కి తోసి, ముందుకు మడిచి, లాగుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి లోపల నలిగిపోయేది. పళ్లు బిగించి ఆగేది. నొప్పి తగ్గగానే మళ్లీ. ఈలోగా మడచెట్ల వేళ్ల మధ్య నుంచి నీళ్లు చప్పుడు లేకుండా వచ్చి పాదాలు తడిపాయి.

"నీళ్లొచ్చాయి," అంది హేమంతీ.

"తెలుసు. మెడ వదలకు."

గిట్టలు రెండూ కనబడ్డాయి. వాటి మీద ఆనించినట్టు మూతి. హవాబాయి మడమలు బురదలో తన్నిపెట్టి, ఒంటెల కాపరులు మొక్కే పీరు సావ్లాను పిలుస్తూ వెనక్కి ఒరిగింది. పిల్ల ఒక్క ఊపున జారి ఆమె ఒళ్లో పడింది. వెచ్చగా, జిగటగా, కాళ్లే కాళ్లు. ఆమె పొర చింపి, ముక్కులో వేలు పెట్టి తుడిచి, నోట్లోకి ఊదింది. పిల్ల కదల్లేదు. తలకిందులుగా ఎత్తి ఊపింది. మళ్లీ ఊదింది. అది ఒకసారి తుమ్మి, బొంగురుగా అరిచింది.

హేమంతీ ఏడుస్తోంది. హవాబాయికి ఏడ్చే తీరిక లేదు. పుట్టిన పిల్ల ఈదలేదు. నిలబడటానికే పొద్దు పోతుంది. నీళ్లు పిక్కలు దాటాయి.

జూసబ్ తాగడానికి తెచ్చుకున్న నీలం డబ్బాలు రెండున్నాయి, ఒకటి ఖాళీ, ఒకటి నిండుది. ఉప్పుటేరు మధ్య మంచినీళ్లు పారబోయడం హవాబాయి జన్మలో చేయని పని. మూత తీసి, హేమంతీ చేత నాలుగు గుక్కలు తాగించి, తనూ తాగి, మిగతావి కుమ్మరించింది. మూతలు బిగించి, డబ్బాల మధ్య పిల్లను పెట్టి, ఢేల్ మెడతాడుతో చుట్టింది. తల పైకి ఉండేలా గడ్డం కింద తన తల మీది ఓఢ్నీ మడిచిపెట్టింది. ఢేల్ లేచి గాలికి అడ్డంగా నిలబడింది. ఆ పక్కటెముకల చాటున వాళ్లిద్దరూ చెరో డబ్బా పట్టుకుని నిలబడ్డారు.

నీళ్లు తొడలకు వచ్చాయి. నడుముకు వచ్చాయి. చలి ఎముకల్లోకి దిగింది. హేమంతీ కెమెరా సంచీ తగిలించిన మడకొమ్మ ఒక అల దెబ్బకు వంగి, మళ్లీ లేచేసరికి సంచీ లేదు. ఆమె అటు చూసింది గాని, డబ్బా వదల్లేదు. ఇంకాసేపటికి కళ్లు మూతలు పడటం మొదలైంది.

"బెన్! ఓ బెన్! నిద్రపోకు. మాట్లాడు. నీ తిమింగలం సంగతి చెప్పు."

"ఏం... చెప్పను?"

"గట్టు మీద హాయిగా ఉన్నది నీళ్లలోకెందుకు పోయింది? ఎవరు తరిమారు?"

"తిండి ఉంది. అక్కడ... ఎవరూ పోటీ లేరు."

"సరే, తిన్నది. మళ్లీ రాలేదే? దారి తప్పిందా?"

"తప్పలేదు. కొంచెం కొంచెంగా... రావడం మానేసింది."

అల ఒకటి హవాబాయి ముఖాన కొట్టింది. ఉమ్మేసి, మళ్లీ అడిగింది. "పిల్లల్నెక్కడ కనేది?"

"మొదట్లో గట్టు మీదేనేమో. ఇంకా ఆధారం దొరకలేదు. తర్వాత నీళ్లలోనే."

"నీళ్లలో పడ్డ పిల్ల ఊపిరాడక చావదూ?"

"తల్లి... పైకి ఎత్తుతుంది. ముక్కు నీళ్లపైకి వచ్చేదాకా. పక్కనున్నవి కూడా ఎత్తుతాయి. ఇప్పటికీ."

హవాబాయి డబ్బాను ఇంకొంచెం పైకి నెట్టింది. "మరి ఎత్తు, ఇంకా. నీ వైపు వంగిపోతోంది."

నీళ్లు పొట్టిదైన హేమంతీ చంకల దాకా వచ్చాయి. ఢేల్ కాళ్ల కింద బురద జారి ఒకసారి తూలింది. ఆ తూలుకు తాడు సడలి, పిల్ల తల నీళ్లలోకి పోయింది. హవాబాయి మునిగి, దాని మెడ కింద భుజం పెట్టి లేచింది. ఇక దాన్ని అలాగే భుజాన మోస్తూ నిలబడటమే. కాళ్లు మొద్దుబారాయి. అలసట కాదు, వదిలేస్తే హాయిగా ఉంటుందన్న ఊహ ఒకటి మెల్లగా వచ్చి చెవి దగ్గర కూర్చుంది. మిస్రీకి కూడా ఇలాగే అనిపించి ఉంటుందా అనుకుంది. ఇన్నేళ్లలో ఆ సంగతి అంత దగ్గరగా ఆలోచించడం అదే మొదలు.

అప్పుడు ఢేల్ మెడ తిప్పి అరిచింది. వానలోంచి ఇంకో అరుపు జవాబు వచ్చింది.

మోరీ అది. దాని మూపురం వెనక తలపాగా లేని ఒక తల. జూసబ్ మంద మొత్తాన్ని ఒడ్డు చేర్చి, ముసలి ఒంటెను మళ్లీ నీళ్లలోకి దించాడు. అది రానని కరిచిందట. అతని భుజం మీద రక్తం కారుతోంది. అతను వచ్చి ఢేల్ పక్కన మోరీని నిలబెట్టాడు. రెండు ఒంటెల నడుమ అల తగ్గింది. పిల్లను హవాబాయి భుజం మీంచి తన భుజం మీదకు మార్చుకున్నాడు.

"ఈమె ఇంకా బతికే ఉందా?" అన్నాడు హేమంతీని చూసి.

"బతికే ఉన్నా," అంది హేమంతీ పళ్లు టకటకలాడుతూ.

"అయితే నిలబడు. మోరీ తోక పట్టుకో. అది తంతే తిట్టకు, దానికీ కోపంగా ఉంది."

ముందుగా చూసింది హవాబాయి. మడచెట్టు మొదలు మీద తడి గీత ఒకటి, నీటికి వేలెడు పైన.

"పాటు," అంది. "జూసబ్, పాటు మొదలైంది. నీళ్లు తీస్తున్నాయి."

అతను అటు చూశాడు. "భాభీ, ఆ రోజు కూడా నేను వెళ్లగలిగేవాణ్ణి. ఒడ్డునుంచి నాకు కనబడుతూనే..."

"తాడు బిగించు," అంది హవాబాయి. "పిల్ల జారుతోంది."

అతను బిగించాడు. ఆమె చెయ్యి అతని రక్తం కారే భుజం మీద కాసేపు ఉంది. మళ్లీ తీసేసింది.

పొద్దు వాలేవేళకు బురద తేలింది. ఓస్మాన్ పడవ వచ్చేసరికి పిల్ల నిలబడి, పడి, నిలబడి, తల్లి పొదుగు వెతుక్కుంటోంది. దాన్ని పడవలో ఎక్కించి, వెనకే ఢేల్‌ను, మోరీని ఈదించారు. ఒడ్డున జనం. ఒకప్పుడు ముఖం తిప్పుకున్న ముసలాయన ఒకడు దుప్పటి తెచ్చి, ఎవరికివ్వాలో తోచక, ఒంటెపిల్ల మీద కప్పాడు.

హేమంతీకి జ్వరం వచ్చి హవాబాయి రెల్లు గుడిసెలోనే పడుకుంది. తగ్గాక కెమెరా లేకుండానే వెళ్లింది. చీలమండ, గుట్టలో దొరికిన మిగతా ఎముకలు మాత్రం పెట్టెల్లో జాగ్రత్తగా వెళ్లాయి. తర్వాతి చలికాలం వచ్చినప్పుడు గుడారం వేయకముందే హవాబాయి దగ్గరకు వచ్చి, "ఈత నేర్చుకున్నా," అంది గొప్పగా. హవాబాయి ఆమెను ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి దిగమంది. చూసి, "ఇదా? కుక్కలు ఇంతకంటే బాగా ఈదుతాయి," అని కడుపు పట్టుకుని నవ్వింది.

జూసబ్ ఆ తర్వాత మంద అమ్మే మాట ఎత్తలేదు. నీళ్లంటే భయం పోయిందా అంటే పోలేదు. ప్రతిసారీ దిగే ముందు ముఖం పాలిపోతుంది, ప్రతిసారీ దిగుతాడు. ఇప్పుడు మడచెట్లు తగ్గాయి. ఉప్పుమడుల వాళ్లు కట్టలు పోసి కొన్ని పాయలు మూసేశారు. ఎక్కువ దూరం ఈదాల్సి వస్తోంది. హవాబాయి మోకాళ్లు అరిగిపోయి నీళ్లలో దిగడం మానేసింది. ఒడ్డున కూర్చుని, మంద దాటుతున్నంతసేపూ జూసబ్‌ను తిడుతుంది: ఎడమకు తోలు, అటు లోతుంది, చెవుడా నీకు? అంత దూరం ఆ తిట్లు వినబడవని ఆమెకు తెలుసు. ఆఖరి మూపురం అవతలి మడచెట్ల కింద లేచి నిలబడి ఒళ్లు దులుపుకునేదాకా మాత్రం తిడుతూనే ఉంటుంది.